బిందెల వరస

అనంతపురం వాళ్లతో పాత సంగతులు మాట్లాడేటప్పుడు సంవత్సరం అడిగి లాభం లేదు. 'బోరింగు గాలి కొట్టిన ఏడు' అంటారు. 'శెనక్కాయ ఊడలు దిగే ముందు వాన మొహం చాటేసిన ఏడు' అంటారు. ఎవరి పెళ్లి ఎప్పుడయింది, ఎవరు ఎప్పుడు ఊరొదిలి పోయారు అన్నీ ఆ లెక్కలోనే తేలాలి. మొన్న పాతూరులో మా సందు వాళ్లం కలిసినప్పుడు, మా కుటుంబం హైదరాబాదుకు తరలిపోయిన సంవత్సరం నేను అంకెల్లో చెప్పాను. ఒక్కరికీ తట్టలేదు. "నీళ్ల ట్యాంకరు కింద పడి మా జేజి కోడి సచ్చిందే, అప్పుడే కదప్పా?" అన్నాడు సైకిల్ షాపు వాళ్లబ్బాయి. అవును, అప్పుడే.

టవర్ క్లాక్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఉంటుంది మా సందు. స్వాతంత్ర్యం గుర్తుగా కట్టిన ఆ గడియార స్తంభానికి 8 పలకలనీ, వెడల్పు 15 అడుగులనీ, ఎత్తు 47 అడుగులనీ, ఆగస్టు 15ను అలా కట్టడంలోకి దించారనీ బడిలో చెప్పేవారు. నిజమో కాదో చూద్దామని పురికొస పట్టుకుని కొలవబోయి తిట్లు తిన్న బ్యాచ్ మాది. స్తంభం అలాగే ఉంది. సందే మారింది. మట్టిమిద్దెలు పోయి అంతస్తులు లేచాయి. బండలు పరిచిన అరుగుల చోట మోటారు సైకిళ్లు ఎక్కించుకునే ర్యాంపులు వచ్చాయి. కొళాయి ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ రీచార్జి అంగడి.

సైకిల్ షాపు వాడు ఊరు కదల్లేదు, కనుక మజిలీ వాడింట్లోనే. షాపు మూసి చాలా కాలమైనా మాకు వాడు సైకిల్ షాపు వాళ్లబ్బాయే. బెంగళూరులో ఉద్యోగం చేసి రిటైరైన మూడో ఇంటి వాడొచ్చాడు. గార్లదిన్నె వైపు చీనీతోట చేస్తున్నవాడు ఒక సంచి కాయలు మోసుకొచ్చాడు. కొళాయికి ఎదురింట్లో ఉండిన అక్క ధర్మవరం నుంచి వచ్చింది. మాకన్నా మూడు నాలుగేళ్లు పెద్దది, ఇప్పటికీ మమ్మల్ని 'రేయ్' అనగల మనిషి.

మిద్దె మీద ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు పెట్టుకుని కూర్చున్నాం. పక్కనే ఒక చేటలో పచ్చి శెనక్కాయలు. చీనీతోట వాడు కాయను ముక్కు దగ్గర బొటనవేలితో నొక్కితే టప్పున రెండుగా విచ్చుతుంది, గింజ మీద గీత పడదు. విత్తనానికి ఒలిచే చెయ్యి అది. వేసవి చివర మా సందులో ఇంటింటా ఇదే పని. గింజ పగిలితే విత్తనానికి పనికిరాదు, కూలి కోస్తారు. పగిలినవి మా నోట్లోకి పోయేవి గనక మేం ఎప్పుడూ సరిగ్గా ఒలిచింది లేదు.

మాట కొళాయి మీదికి రాక తప్పదు. నీళ్లు ఎప్పుడొస్తాయో ఎవరికీ తెలియదు గనక ముందురోజు రాత్రే వరస పెట్టేవాళ్లు. బిందె ఖాళీ లేనివాళ్లు రాయి పెట్టేవాళ్లు, ఓటి కుండ పెట్టేవాళ్లు. తెగిన చెప్పు పెట్టినా చెల్లేది. ప్రతి రాయికీ ఓ యజమాని. సుద్దతో గీత గీసినది ఒకరిది, సున్నం చుక్క పెట్టినది ఇంకొకరిది. తెల్లారేసరికి ఒక రాయి జరిగి ఉంటే ఆ రోజు సందంతా కోర్టే. ఆ వరసకు కాపలా అనే వంకతో మేం వీధిదీపం కింద గోలీలాడేవాళ్లం, దెయ్యాల కథలు చెప్పుకునేవాళ్లం. "మన దోస్తీ అంతా ఆ కొళాయి పెట్టిన భిక్షే" అన్నాడు బెంగళూరు వాడు, రొంత బరువుగా.

అక్క బజ్జీ కింద పెట్టింది. "మీకు దోస్తీ. మాకు మోత. ఏడో తరగతి పరీక్ష నాడు గూడా రెండు బిందెలు పోసిపెట్టే పోయినా. మీరు ఆడుకుంటాంటిరి, మేము మోస్తాంటిమి. ఏ మగపిల్లోడు బిందె ఎత్తినాడో చెప్పండ్రా."

చెప్పడానికి ఎవరూ దొరకలేదు. సైకిల్ షాపు వాడు తను క్యారియర్‌కు రెండు బిందెలు కట్టి తెచ్చేవాణ్ణని గొణిగాడు. "అది ట్రిప్పుకు పావలా తీసుకోని" అని అక్క అక్కడికక్కడే కొట్టేసింది. మేమంతా ఒకే సందులో పెరిగామనుకుంటూ వచ్చాం. ఆడపిల్లల సందు వేరు, అందులో గోలీలు లేవు.

నీళ్లెందుకు లేవో చీనీతోట వాడు చెప్పినంత బాగా మాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. "పడమటి నుంచి వచ్చే మేఘం కనుమల కాడే బరువు దించుకుంటాది. తూర్పు నుంచి వచ్చేది మన దాకా వచ్చేలోగా అలిసిపోతాది." మిగిలేది ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. అదీ రావలసినప్పుడు రాదు. ఆ వానను నమ్ముకునే ఉమ్మడి జిల్లాలో ఒకప్పుడు 7 లక్షల హెక్టార్లకు పైగా శెనక్కాయ వేశారు. పూత రాలి ఊడ భూమిలోకి దిగే రోజుల్లో నేల గట్టిపడితే ఊడ పైనే మాడిపోతుంది, చెట్టు పచ్చగా కనబడుతూనే ఉంటుంది, పీకితే కాయ ఉండదు. వాళ్ల నాయన అలా పీకి చూసి, మళ్లీ అదే గుంతలో పెట్టి మట్టి కప్పేవాడట. వీడు శెనక్కాయ వదిలి చీనీ పెట్టాడు. బోర్లు ఎండి ఒకసారి తోట సగం కొట్టేశాడు, మళ్లీ డ్రిప్పు వేసి పెంచాడు. 2020 సెప్టెంబరులో అనంతపురం నుంచి ఢిల్లీకి కిసాన్ రైలు వేసినప్పుడు వీడి కాయ కూడా అందులో పోయింది. "మా కాయ ఢిల్లీ చూసింది. నేను చూడలా."

అక్క పుట్టినింటి వాళ్ల పల్లెకు 1995 తర్వాత సత్యసాయి పథకం నీళ్లొచ్చాయి. జిల్లాలో 700కు పైగా పల్లెలకు అలా అందాయి. ఆ కొళాయి మొదట తిప్పిన రోజు వాళ్లమ్మ బిందె నింపలేదట, ఊరికే అరచెయ్యి పట్టి నిలబడిందట. ఇది చెప్పేటప్పుడు మాత్రం అక్క గొంతులో వాదన లేదు.

తిరకాసు 2022 అక్టోబరుది. కరువు ఊరని పేరుపడ్డ అనంతపురంలో నడిమివంక పొంగి కాలనీలు మునిగాయి. సైకిల్ షాపు వాడి చెల్లెలిల్లు పల్లంలో ఉంది. ఫ్రిజ్జును మంచం మీదికి ఎక్కిస్తే మంచంతో సహా తేలిందట. "కరువు బిడ్డలం, ఈత యాడ నేర్చుకుంటిమి?" అని వాడు నవ్వుతూనే చెప్పాడు గాని, వంకల్లో ఇళ్లు లేచిన సంగతి ఊరంతటికీ తెలుసు. వానల్లేని ఏళ్లు వరసగా రావడంతో వంక అనేది ఒకటుందని జనం మరిచిపోయారని నా అనుమానం.

మధ్యాహ్నం ఎండ తగ్గాక తాడిపత్రి రోడ్డు పట్టుకుని బుక్కరాయసముద్రం చెరువుకు పోయాం. విజయనగర కాలపు చెరువు. కట్ట తెగినప్పుడు బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మ గండిలో నిలబడి ప్రాణమిస్తే గానీ నీళ్లు ఆగలేదని కథ. కట్టమంచి రామలింగారెడ్డి మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివే రోజుల్లో 'ముసలమ్మ మరణము' రాసింది ఆమె మీదే. చిన్నప్పుడు మాకు ఈ కట్టంటే పులిహోర, చింతకాయలు, సాయంత్రం నడిచి ఇల్లు చేరడం. ఇప్పుడు చెరువులో నీళ్లున్నాయి, కొంగలున్నాయి, సెల్ఫీలు దిగే పిల్లలున్నారు.

అక్క ముసలమ్మ గుడి ముందు దండం పెట్టుకుని, చెప్పులేసుకుంటూ అంది: "ఏడుగురు కొడుకులుంటిరి గదా ఆ ఇంట్లో. ఒక్కడైనా పోలా. చెరువు నిలబెట్టాలంటే కోడలే పోవాల్నా?"

"దేవత అడిగిందక్కా" అన్నాడు బెంగళూరు వాడు.

"దేవత అడిగిందని చెప్పింది ఎవరంట?"

తిరిగి వచ్చేదాకా కారులో ఆ వాదనే. తెగలేదు. రాత్రి పడుకునే ముందు అక్క తీర్పు మాత్రం చెప్పేసింది. సైకిల్ షాపు వాళ్లింటికి తెల్లవారి ఆరుకు నీళ్ల వంతు. ఇప్పుడివి పెన్న అహోబిలం నుంచి గొట్టాల్లో వస్తాయి. ఆడవాళ్లెవరూ లేవరు, మగవాళ్లే పట్టాలి. యాభై దాటిన నలుగురం లేచి, మోటారు వేసి, సంపు నిండుతుంటే పక్కనే అరుగు లేని గుమ్మంలో టీ గ్లాసులతో కూర్చున్నాం. సుద్ద గీత ఉన్న రాయి ఎవరిది, సున్నం చుక్క రాయి ఎవరిది అన్న తగువు ఎప్పుడు మొదలైందో గుర్తులేదు. చీనీతోట వాడు గీత తమదే అంటాడు, బెంగళూరు వాడు ఒప్పుకోడు. ఇద్దరూ లేచి నిలబడి చేతులు తిప్పుతుండగా లోపలి నుంచి సైకిల్ షాపు వాడి కోడలు కేకేసింది.

"మామా, సంపు నిండి నీళ్లు రోడ్డు మీదికి పోతాండాయి, మోటారు ఆపండి!"