థోత్ స్టేషన్ మీద దాడి
సైఫై సిరీస్ 'ది ఎక్స్‌పాన్స్' రెండో సీజన్ (2017) మళ్లీ పెట్టా. థోత్ స్టేషన్ మీద దాడి దగ్గర ఆగిపోయా. అది ప్రోటోజెన్ కంపెనీ సొంత అంతరిక్ష కేంద్రం. గ్రహశకలాల బెల్ట్‌లో పుట్టి పెరిగిన, ఓపీఏ అనే తిరుగుబాటు కూటమి వాళ్లు రెండు పాడ్లలో కిక్కిరిసి బయల్దేరతారు. ఒకటి దారిలోనే పేలిపోతుంది. రెండోదాంట్లో మాజీ డిటెక్టివ్ మిల్లర్, కుర్రాడు డియోగో.

కాల్పులు సరే, ఏ సినిమాలోనైనా ఉండేవే. అసలు వణికించేది ప్రోటోజెన్ శాస్త్రవేత్తల పెద్ద డ్రెస్డెన్. ఈరోస్ అనే గ్రహశకలంలో జనం మొత్తాన్ని ప్రయోగానికి బలిపెట్టి, ఆఫీసు రివ్యూ మీటింగ్‌లో కూర్చున్నంత తాపీగా దాని లాభాలు వివరిస్తాడు. ఓపీఏ నాయకుడు ఫ్రెడ్ జాన్సన్ అంతటివాడు కూడా వింటూ నిలబడిపోతాడు! వాళ్లిద్దరికీ బేరం కుదిరేలోపే మిల్లర్ డ్రెస్డెన్‌ని కాల్చేస్తాడు. రోసినాంటే ఓడ కెప్టెన్ హోల్డెన్‌కి ఒళ్లు మండిపోతుంది. నేనైతే, తిట్టుకుంటే తిట్టుకోండి, మిల్లర్ పక్షమే.