ఫోను చేసిందెవరు?

పోపు మాడినా సరే, హంతకుడెవరో తేలేదాకా పుస్తకం కింద పెట్టని జాతి మనది. డిటెక్టివ్ నవలలంటే చెవి కోసుకునే నాకు ఈ మధ్య ఓ కొత్తరకం డిటెక్టివ్ కథలు దొరికాయి. వీటిలో వజ్రాల దొంగలుండరు. వీలునామాలుండవు. ఫిర్యాది నోరు విప్పి ఒక్క ముక్క చెప్పదు. మహా అయితే తోక ఆడిస్తుంది.

సీరియల్ పేరు 'యానిమల్ ప్రీసింక్ట్'. 2001లో యానిమల్ ప్లానెట్ ఛానెల్లో మొదలై 2008 దాకా వచ్చింది. కట్టుకథ కాదు, న్యూయార్కు నగరంలో జంతువుల్ని హింసించేవాళ్ళని పట్టుకునే అధికారుల వెంట కెమెరా పట్టుకు తిరిగి తీసినది. మా అమ్మాయి కంప్యూటర్లో పాత భాగాలు పెడుతుంటే పక్కన చేరాను.

"మనుషుల తగువులు తీర్చేసరికే పోలీసులకి తల ప్రాణం తోకకొస్తుంటే, ఇంక తోకలున్నవాళ్ళ తగువులు కూడానా?" అన్నారు మావారు. అన్నారే గాని, రెండో భాగం పూర్తయ్యేదాకా కుర్చీ కదలలేదు.

నిజానికి ఆ అధికారులు పోలీసు శాఖవాళ్ళు కారు. 1866లో హెన్రీ బెర్గ్ అనే ఆయన న్యూయార్కులో స్థాపించిన జంతుహింసా నివారణ సంఘం ఉద్యోగులు. ఆ రోజుల్లో ఊరంతా గుర్రాల మీద నడిచేది. బరువు లాగలేక నడివీధిలో కూలబడ్డ గుర్రాన్ని కొరడాతో లేపుతుంటే జనం పక్కనించి తమ దారిన పోయేవాళ్ళు. బెర్గ్ మాత్రం వెళ్ళి బండికి అడ్డం నిలబడేవాడు. అతని సంఘానికి అరెస్టు చేసే అధికారం కూడా చట్టం ఇచ్చింది. అంచేత సీరియల్లో కనిపించే ఆడా మగా అధికారులకి యూనిఫారం, బాడ్జీ ఉంటాయి. ఎనభై లక్షల జనం ఉన్న ఊరికి వాళ్ళు గుప్పెడు మంది.

వాళ్ళ పని చూస్తుంటే ముచ్చటేస్తుంది. ఫోను వస్తుంది. వెళ్ళి తలుపు తడతారు. లోపల ఎముకల గూడులాంటి కుక్క. "ఈ మధ్య ఏదో జబ్బు చేసిందండీ" అంటాడు యజమాని. ఆ మాట వాళ్ళు నమ్మనూ నమ్మరు, కొట్టిపారెయ్యనూ పారెయ్యరు. బెర్గ్ పేరు మీదే ఉన్న జంతువుల ఆస్పత్రికి తీసుకుపోయి తూకం వేస్తారు, ఫోటోలు తీస్తారు. పరీక్షల్లో జబ్బేమీ కనపడక, వేళకింత తిండి పెట్టగానే కుక్క రోజురోజుకీ బరువెక్కిందనుకోండి, దానికున్నది ఆకలి జబ్బేనని తేలిపోతుంది. ఆ తూకం చీటీయే కోర్టులో సాక్ష్యం. నోరులేని ఫిర్యాది చెప్పలేని మాట తూకం రాయి చెబుతుంది!

"తిండి పెట్టలేనివాళ్ళు తెచ్చుకోవటం ఎందుకే?" అన్నారు మా అత్తగారు. అక్కడే ఉంది చిక్కు. పందేలకి కుక్కల్ని కోరి కొట్లాడించే దుర్మార్గులూ ఆ సీరియల్లో ఉన్నారు. వాళ్ళ చేతులకి బేడీలు పడితే నాకూ ప్రాణం లేచొచ్చింది. కాని తలుపు తెరిచిన ప్రతివాడూ దుర్మార్గుడు కాడు. ఉద్యోగం ఊడి తన కడుపే నింపుకోలేనివాడుంటాడు. ఎవరూ పలకరించని ముసలావిడ ఉంటుంది. వీధిలో పిల్లిని ఒకదాన్ని జాలిపడి తెచ్చుకుంటుంది, తరవాత ఇంకోటి. చివరికి ఇల్లంతా పిల్లులే. శుభ్రం చేసే ఓపికా లేదు, వదులుకునే మనసూ లేదు. ఆ పిల్లుల్ని అక్కడ ఉంచకూడదు, నిజమే. కాని వాటిని పట్టుకుపోయాక ఆవిడకి ఆ ఇంట్లో ఎవరున్నారు?

ఇలా చూడగా చూడగా నాకు ఒక సందేహం పట్టుకుంది. అసలు ఫోను చేసిందెవరు? అధికారులు కనిపిస్తారు, డాక్టర్లు కనిపిస్తారు, ముద్దాయి కనిపిస్తాడు. కథ మొదలుపెట్టినవాళ్ళు మాత్రం తెరమీదకి రారు. గోడ అవతల ఏడుపు విని ఊరుకోలేని పక్కింటివాళ్ళే కాబోలు.

ఆ ఊళ్ళోనే 1874లో ఒక కేసు నడిచింది. మేరీ ఎలెన్ అనే పదేళ్ళ పిల్లని పెంచుకున్న తల్లి గదిలో పెట్టి కొడుతుండేది. ఆ సంగతి ఇరుగుపొరుగు వల్లే, పేదవాడల్లో తిరిగి సేవ చేసే ఎట్టా వీలర్ అనే ఆవిడ చెవిన పడింది. ఎవరిని అడిగినా దారి దొరక్క ఆవిడ చివరికి బెర్గ్ దగ్గరికి వెళ్ళింది. పిల్లని జంతువుగా లెక్కకట్టి కాపాడారని ఓ కథ ప్రచారంలో ఉంది గాని, అది నిజం కాదు. బెర్గ్ సొంత హోదాలో పూనుకుంటే, అతని వకీలు గెరీ కోర్టు ద్వారా పిల్లని విడిపించాడు. పెంపుడు తల్లికి ఏడాది జైలు పడింది. 1875 కల్లా న్యూయార్కులో పిల్లల కోసం వేరే సంఘం చట్టబద్ధమైంది. కుక్క ఏడుపు వినే చెవి ఉన్న ఊళ్ళో పిల్ల ఏడుపూ వినపడిందన్నమాట.

ఇదంతా దొరల దేశం గొప్ప అనుకునేరు! మన కలకత్తాలో ఇలాంటి సంఘం 1861లోనే, అంటే న్యూయార్కు కంటే అయిదేళ్ళ ముందే పుట్టింది. నాట్యానికి పేరుపడ్డ రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో పట్టుబట్టిన ఫలితంగా 1960లో జంతుహింసా నివారణ చట్టం వచ్చింది. 1962లో ఏర్పడ్డ జంతు సంక్షేమ బోర్డుకి మొదటి అధ్యక్షురాలు ఆవిడే. వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, మొదటిసారి తప్పుకి ఆ చట్టం వేసిన జరిమానా 10 రూపాయల నించి 50 రూపాయలు. ఇవాళ 10 రూపాయలకి మూర మల్లెపూలు కూడా రావు. జంతువుని చంపినా, అవిటిదాన్ని చేసినా అయిదేళ్ళ దాకా జైలని 2024లో అమల్లోకొచ్చిన న్యాయ సంహిత అంటుంది, బాగానే ఉంది. మరి కట్టేసి మాడిస్తే?

ఊరికే అనటం లేదు. మా కింది వాటావాళ్ళు నిరుడు బాల్కనీలో కుక్కని కట్టేసి ఊరెళ్ళారు. మూడోనాడు వాచ్‌మన్ భార్య మెట్లెక్కి వచ్చింది. "రెండ్రోజులు మొరుగుతుంటే ఊరుకున్నానమ్మా. ఇవాళ మొరగట్లేదు" అంది. ఇద్దరం కలిసి చిన్న బకెట్టుకి తాడు కట్టి ముందు నీళ్ళు, తరవాత పెరుగన్నం దింపాం. నేను వాళ్ళకి ఫోను చేశాను. మర్నాడు దిగారు. "మా కుక్క, మా ఇల్లు. మీకెందుకండీ?" అంది ఆవిడ. శ్రావణమాసం పేరంటానికి నాకు పిలుపు లేదు. అది పెద్ద నష్టం కాదు. కాని కబురు మోసిందని వాచ్‌మన్ భార్యని పనిలోంచి తీసెయ్యమని పట్టుబట్టారు. నలుగురం ఆడవాళ్ళం సంతకాలు పెడితే గాని ఆ మాట వెనక్కి పోలేదు.

సీరియల్లో ఫోను చేసినవాళ్ళని ఎందుకు చూపించరో నాకప్పుడు తెలిసొచ్చింది. తప్పు చేసినవాడికి పడేది 50 రూపాయలు. చెప్పినవాళ్ళకి పోయేది జీతం!

2014 నించి న్యూయార్కులో ఆ బాధ్యత నగర పోలీసులే తీసుకున్నారు. సంఘం వైద్యమూ, సంరక్షణా చూస్తోంది. తలుపు తట్టే యూనిఫారం మారింది. గోడ అవతల వినేవాళ్ళు మాత్రం అక్కడైనా ఇక్కడైనా పక్కింటివాళ్ళే. అంచేత మీకో మాట చెబుతాను. వింటే ఒక్కరే అడగటానికి వెళ్ళకండి, నలుగురు కలిసి వెళ్ళండి. ఒక్కరు అడిగితే విరోధం, నలుగురు అడిగితే మర్యాద. ఆ నలుగురిలో మీకు కబురు తెచ్చినావిడ పేరు మాత్రం బయటికి రానివ్వకండి.