మాట ఇచ్చింది సభకు

12 జనవరి 2010, హేగ్

ఇరాక్ యుద్ధంపై డేవిడ్స్ కమిటీ నివేదిక ఇవాళ బయటికొచ్చింది. 2003 నాటి దాడికి అంతర్జాతీయ చట్టం ప్రకారం సరైన ఆధారం లేదని తేల్చేశారు. ఆ దాడిని నెదర్లాండ్స్ ప్రభుత్వం సమర్థించింది, సైనికులను మాత్రం పంపలేదు. దాడి ముగిశాక ఇరాక్‌లోని అల్ ముతన్నా రాష్ట్రానికి వెయ్యిమందికి పైగా డచ్ సైనికులు వెళ్లారు. విచారణ జరపమని ప్రతిపక్షం ఏళ్ల తరబడి అడుగుతూనే ఉంది. ప్రధాని బాల్కెనెండె నిరుడు గానీ ఒప్పుకోలేదు. ఇప్పుడు ఆఫ్ఘనిస్తాన్‌లోని ఉరుజ్గాన్‌లో ఉన్న సైనికుల సంగతి తేల్చాల్సింది కూడా ఆయన ప్రభుత్వమే.

18 ఫిబ్రవరి

రాత్రి పొద్దుపోయేదాకా టీవీలో దిగువ సభ చర్చ చూశాను. నా డచ్ ఇంకా అంతంతమాత్రమే అయినా, కోపం ఎక్కడుందో తెలిసింది. ఉరుజ్గాన్‌లో శిక్షణ ఇచ్చే చిన్న దళాన్నైనా ఉంచమని ఈ నెల 4న నాటో ప్రధాన కార్యదర్శి రాస్ముసెన్ ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరం రాబోతోందని ఎవరెవరికి ముందే తెలుసన్న దాని మీద ప్రధాని ఒక మాట, ఆర్థిక మంత్రి, లేబర్ పార్టీ నాయకుడు వౌటర్ బోస్ ఇంకో మాట. ఒకే మంత్రివర్గంలో పక్కపక్కన కూర్చునేవాళ్లు!

నాకు మాత్రం ఉత్తరం కన్నా పాత కాగితం ముఖ్యమనిపిస్తోంది. 2007 నవంబర్‌లో గడువు పొడిగించినప్పుడు ప్రభుత్వం సభకు రాతపూర్వకంగా చెప్పింది: 2010 ఆగస్టు 1న ఉరుజ్గాన్‌లో మన బాధ్యత ముగుస్తుంది, ఆ వెంటనే వెనక్కి రావడం మొదలవుతుంది అని. ఆ మాటకు కట్టుబడి ఉండాలని నిరుడు అక్టోబర్‌లో సభ తీర్మానించింది. తీర్మానం తెచ్చింది ప్రతిపక్షం కాదు, కూటమిలోని లేబర్ పార్టీ, క్రిస్టియన్ యూనియన్ సభ్యులు. ప్రభుత్వాన్ని నడిపే పార్టీలవాళ్లే లేచి వద్దన్నాక, ఎక్కడినుంచో వచ్చిన ఉత్తరం దానికన్నా ఎలా బరువవుతుంది?

20 ఫిబ్రవరి

ప్రభుత్వం పడిపోయింది. నిన్న మొదలైన మంత్రివర్గ సమావేశం పదహారు గంటలకు పైగా సాగి, తెల్లవారుజామున తెగింది. లేబర్ పార్టీ బయటికి వెళ్లిపోయింది.

పొద్దుటినుంచి వింటున్నదంతా ఒకటే: మిత్రులను నట్టేట ముంచారు, నాటో ముందు దేశం పరువు పోయింది, మార్చి 3 స్థానిక ఎన్నికల కోసం బోస్ ఆడిన నాటకం. ఎన్నికల లెక్క ఉండదని నేనూ అనను. కానీ ఎన్నికలు దగ్గరున్నాయని ఇచ్చిన మాట అబద్ధమైపోతుందా?

సైనికులను పంపే విషయంలో ఈ సభకు ఇంత పట్టుదల ఎందుకో మా డచ్ పంతులమ్మ ఒకసారి చెప్పింది. 1995 జులై, స్రెబ్రెనిత్సా. ఐక్యరాజ్యసమితి రక్షిత ప్రాంతం అని ప్రకటించిన చోట కొన్ని వందలమంది డచ్ సైనికులు తేలిక ఆయుధాలతో కాపలా ఉన్నారు. విమాన సాయం అడిగారు, అందింది చాలా కొద్ది, అదీ ఆలస్యంగా. ఏడు వేలకు పైగా బోస్నియా ముస్లిం మగవాళ్లను, కుర్రాళ్లను సెర్బు బలగాలు చంపేశాయి. 2002 ఏప్రిల్‌లో దానిపై నివేదిక వచ్చిన ఆరు రోజులకు వీమ్ కోక్ ప్రభుత్వం రాజీనామా చేసింది. "పంపేటప్పుడు అందరూ మంచి పని అనే అన్నారు. ఏ పని చేయగలరని మాత్రం అడగలేదు" అంది ఆవిడ. అప్పుడామె గొంతులో ఉన్నది సిగ్గు.

స్రెబ్రెనిత్సా తర్వాత, 2000లో, ఇక్కడి రాజ్యాంగంలో నూరో అధికరణం చేర్చారు: అంతర్జాతీయ న్యాయ వ్యవస్థ కోసం సైన్యాన్ని పంపేముందు ప్రభుత్వం సభకు వివరం చెప్పాలి. వీటో హక్కు అందులో రాయలేదు. అయినా ఎందుకు వెళ్తున్నారు, ఎంతకాలం, ఎంతమంది, ఎంత ప్రమాదం అన్నీ అడిగి, సభలో పెద్ద మద్దతు దొరికితేనే పంపడం ఆనవాయితీ అయింది. 2006లో ఉరుజ్గాన్‌కు పంపాలని భారీ మెజారిటీతో ఒప్పుకున్నారు. వద్దన్న డి66 పార్టీ అప్పుడు ప్రభుత్వంలోనే ఉంది. మాట నెగ్గించుకోలేక దాని సభాపక్ష నాయకుడు బోరిస్ డిట్రిఖ్ పదవి వదిలేశాడు.

ఇక్కడి సైన్యాధిపతి బాధ్యత తీసుకున్న మర్నాడే, 2008 ఏప్రిల్ 18న, ఆయన కొడుకు ఉరుజ్గాన్‌లో రోడ్డు పక్క బాంబుకు చనిపోయాడు. ఇప్పటికి ఇరవైమందికి పైగా పోయారు. కోటీ అరవై అయిదు లక్షల జనాభా ఉన్న దేశం ఇది.

వద్దన్నవాళ్లందరి కారణమూ ఒకటి కాదు. ఎడమవైపు సోషలిస్టులు యుద్ధమే తప్పంటారు. కుడివైపు పార్టీ నాయకుడు విల్డర్స్ మన డబ్బు అక్కడెందుకంటాడు. అతను నా పక్షాన ఉన్నాడంటే నాకు మింగుడు పడదు. ఉరుజ్గాన్‌లోని తరిన్ కోట్‌లో బడికి వెళ్లడం మొదలుపెట్టిన ఆడపిల్లలను తలుచుకున్నా నిద్ర పట్టదు. అయినా సరే, సభకు ఇచ్చిన తేదీ చెరిపేస్తే రేపు ఏ తేదీనీ ఎవరూ నమ్మరు, అక్కడి జనంతో సహా.

21 ఫిబ్రవరి

తాడేపల్లిగూడెం నుంచి అమ్మ ఫోన్. "గవర్నమెంటు పడిపోయిందటగా, మీకేం ఇబ్బంది లేదు కదే?" చెప్పాను, సైనికుల గురించి అని. కాసేపు మాట్లాడలేదు. "మన వెనకింటి పెద్దబ్బాయిని సిలోన్ పంపారు చూడు, అప్పుడు ఎవర్నైనా అడిగారా?" అంది.

అడగలేదు. 1987 జులై 29న కొలంబోలో భారత్-శ్రీలంక ఒప్పందం, మర్నాటికి మన సైన్యం జాఫ్నాలో దిగింది. 1990 మార్చిలో తిరిగొచ్చేలోపు దాదాపు 1,200 మంది ప్రాణాలు పోయాయి. దేశం బయటికి సైన్యాన్ని పంపాలంటే పార్లమెంటులో ఓటు కావాలని మన రాజ్యాంగంలో లేదు. ఉండాలి.

1 ఆగస్టు

ఉరుజ్గాన్ బాధ్యతను ఇవాళ అప్పగించారు, చెప్పిన తేదీకే. జూన్ ఎన్నికల్లో బాల్కెనెండె పార్టీ 41 సీట్ల నుంచి 21కి పడింది.

28 జనవరి 2011

కొత్త ప్రధాని రుట్టే ప్రభుత్వం మైనారిటీది. ఆఫ్ఘనిస్తాన్‌లోని కుందుజ్‌లో పోలీసు శిక్షణకు 545 మందిని పంపాలని సభను అడిగింది. బయటినుంచి బలమిస్తున్న విల్డర్స్ ఒప్పుకోలేదు, లేబర్ పార్టీ, సోషలిస్టులు కూడా ఒప్పుకోలేదు. దాంతో మంత్రులు ప్రతిపక్షంలోని గ్రీన్ లెఫ్ట్ పార్టీ తలుపు తట్టాల్సి వచ్చింది. డచ్ వాళ్లు తయారుచేసిన పోలీసులను సైన్యం దాడులకు వాడకూడదన్న షరతు రాతలో పెట్టించి ఆ పార్టీ ఒప్పుకుంది. రాత్రి మెజారిటీ దొరికింది.

షరతులు పెట్టగలిగారంటే అది ఏడాది కిందటి నిరాకరణ పుణ్యమే. ఆ ఓటు నాకుంటే మాత్రం వద్దనే వేసేదాన్ని. హామీ ఇచ్చేది కాబూల్. కుందుజ్ పొలిమేరల్లో కాల్పులు మొదలైతే, కొద్ది వారాల శిక్షణతో తుపాకీ పట్టిన కుర్రాణ్ని పోలీసుగానే ఉంచుతామని ఇక్కడి ఏ మంత్రి చూసి చెప్పగలడు?