నాలుగు రోజుల సెలవు చీటీ

2018 ఆగస్టులో ఒక శనివారం మధ్యాహ్నం ఫ్యాక్టరీ ఆఫీసులో కూర్చుని, వాళ్ళిచ్చిన తెల్లకాగితం మీద వాళ్ళు చెప్పినట్టే రాశాను. సొంత కారణాల వల్ల ఉద్యోగం మానుకుంటున్నానని. తొమ్మిదేళ్ళు పనిచేసిన చోటు అది. చొక్కా కింద నడుముకి బెల్టు బిగించి ఉంది. పావుగంట మించి కూర్చుంటే వెన్ను పట్టేస్తోంది. ఎప్పుడు లేచిపోదామా అన్న ధ్యాసలో రెండోసారి చదవకుండా సంతకం పెట్టేశాను. ఆ తొందర ఇవాళ్టికీ నన్ను తింటూనే ఉంది.

జీడిమెట్లలో అట్టపెట్టెలు చేసే యూనిట్ మాది. స్టోర్స్ నేను చూసేవాణ్ణి. పేపరు రీళ్ళు, గమ్ము, కుట్టు వైరు, ఇండెంట్లు, గేట్ పాసులు. జీతం 16,000. జీతం చీటీలో ఈఎస్ఐ కింద నెలనెలా 280 రూపాయల కోత పడేది. ఆ కోత దేనికని నేనెన్నడూ ఆరా తీయలేదు.

ఆ సంక్రాంతి నుంచే నడుం నొప్పి. బరువులెత్తే పని కదా అనుకున్నాను. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది, రాత్రుళ్ళు చెమటతో బనీను తడిసేది. 61 కిలోలుండేవాణ్ణి, ఏప్రిల్‌కి 49కి దిగాను. స్కానింగు చూసిన డాక్టరు రెండు వెన్నుపూసల మధ్య వేలు పెట్టి చూపించి, టీబీ అన్నాడు. ఏడాది మందులు వాడాలి, మొదట మూడు నెలలు మంచం దిగొద్దన్నాడు. 'ఇది ఊపిరితిత్తుల్లో లేదు. దగ్గితే తుమ్మితే అంటుకునేది కాదు. ఇంట్లో అందరితో కలిసి తినొచ్చు' అని కూడా చెప్పాడు. ఆ మాట విన్నాను గాని చెవికెక్కలేదు.

ఎందుకంటే మా చిన్నాయన టీబీతోనే పోయాడు. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. నల్గొండ జిల్లాలో మా ఊళ్ళో, పశువుల కొట్టం పక్కన ఆయన మంచం వేశారు. ఆయనకొక సత్తు పళ్ళెం, ఒక సత్తు గ్లాసు. మా నాయనమ్మ చెంబు గ్లాసుకి తగలకుండా జానెడు ఎత్తు నుంచి నీళ్ళు వంచేది. కన్నకొడుకు కదా, వంచుతూ ఏడ్చేది. ఆయన చచ్చిపోయింది నాకంతగా గుర్తులేదు. పైనుంచి పడే ఆ నీళ్ళ చప్పుడు మాత్రం గుర్తుంది.

అందుకని నా భార్య చేత ఒట్టు వేయించుకున్నాను, జబ్బు పేరు గడప దాటకూడదని. ఫ్యాక్టరీకి నడుం నొప్పి అనే చెప్పాను. మా మేనేజర్ సారుకి వాట్సాప్‌లో రాశాను: 'సార్, నొప్పి తగ్గలేదు, నాలుగు రోజులు లీవు కావాలి.' ఆ నాలుగు రోజులు కాగానే మళ్ళీ నాలుగు రోజులు. నాలుగు నెలలు అలాగే నడిపించాను. మూడు నెలలు మంచం దిగనని మొదటి రోజే నాకు తెలుసు. తెలిసీ నాలుగు రోజులనే రాశాను.

ఉన్న సెలవులు మే నెల మధ్యకే అయిపోయాయి. ఆ తర్వాత అంతా జీతం కోతే. ఈఎస్ఐ డిస్పెన్సరీకి వెళ్ళి సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చని తెలియక కాదు. ఆ కాగితం మీద జబ్బు పేరుంటుంది, అది ఆఫీసు బల్ల మీదికి చేరుతుంది, అక్కణ్ణుంచి క్యాంటీన్‌కి చేరుతుందని భయం. ఆ భయంతో ప్రైవేటు డాక్టరుకి డబ్బు పోశాను, మందులు మాత్రం పేట చివర సర్కారు దవాఖానాలో తెచ్చుకున్నాను. ఆ ఏప్రిల్ నుంచే టీబీ రోగులకి తిండి ఖర్చుకని కేంద్రం నెలకి 500 రూపాయలు ఖాతాలో వెయ్యడం మొదలుపెట్టింది. మా ఇంట్లో పాలకీ గుడ్లకీ అవే ఆధారమయ్యాయి.

మంచం మీద పడుకుని నేను చేసిన పని ఒకటే. ఎవరు ఫోన్ చేశారు, ఎవరు చెయ్యలేదు అని లెక్క కట్టడం. స్టోర్స్‌లో రీళ్ళు లెక్కపెట్టినంత శ్రద్ధగా లెక్కపెట్టాను. సారు ఫోన్ చేస్తే 'ఎప్పుడొస్తవ్?' అనే అడిగేవాడు. 'ఎట్లున్నవ్?' అని నాలుగు నెలల్లో ఒక్కసారీ అడగలేదు. జూన్‌లో ఫ్యాక్టరీ గ్రూపులోంచి నన్ను తీసేశారు. జూలైలో నా కుర్చీలో కొత్తవాణ్ణి కూర్చోబెట్టారని విన్నాను. తొమ్మిదేళ్ళలో పండగలప్పుడు కూడా గోదాము తాళాలు నా దగ్గరే ఉండేవి. మనిషి మంచాన పడితే వాళ్ళకి నేను ఖాళీ కుర్చీనే అయ్యానని రాత్రిళ్ళు గోడకేసి తిరిగి ఏడ్చాను.

ఆ బాధ అబద్ధం కాదు. వాళ్ళ తప్పును ఇవాళ కూడా నేను తక్కువ చేసి చెప్పను. మూడు నెలలుగా పనిలోకి రాని మనిషికి ఏమైందో కనుక్కోవడం యాజమాన్యం పని. సర్టిఫికెట్ తెచ్చుకో, ఈఎస్ఐలో డబ్బు వస్తుంది అని చెప్పడం హెచ్‌ఆర్ పని. మా హెచ్‌ఆర్ ఆయన ఆ మాట చెప్పకుండా 'నువ్వే రాసిస్తే ఫుల్ సెటిల్‌మెంట్ తొందరగా చేయిస్తా' అన్నాడు.

కానీ నా వైపు కూడా చెప్పాలి. జూన్ నెలలో ఒక ఆదివారం మా స్టోర్స్ హెల్పర్ కుర్రాడు మా ఇంటికొచ్చాడు. షాపూర్‌నగర్ నుంచి రెండు బస్సులు మారి వచ్చాడు. గుమ్మంలో గొంతు వినగానే దుప్పటి కప్పుకుని, నిద్రపోతున్నానని చెప్పమని భార్యకి సైగ చేశాను. నడుముకున్న బెల్టు, కిటికీలో మందుల అట్టలు వాడి కంట పడకూడదని. 'వదినా, అన్నని లేపకుండ్రి. లేసినంక ఒక్కసారి ఫోన్ జెయ్యమనుండ్రి' అన్నాడు. అర డజను బత్తాయిలు, నా డ్రాయర్లో ఉండిపోయిన కళ్ళజోడు తుడిచి కవర్లో పెట్టి ఇచ్చి వెళ్ళాడు. నేను ఫోన్ చెయ్యలేదు. తర్వాత వాడు చేసినా ఎత్తలేదు. ఎవరూ రాలేదని అందరికీ చెప్పుకున్న లెక్కలో వాడి పేరు నేను వెయ్యలేదు. ఇది అన్నిటికంటే పెద్ద తప్పు.

సారు సంగతీ అంతే. నాలుగు రోజుల్లో వస్తానని నేనే రాస్తుంటే ఆయన 'ఎప్పుడొస్తవ్' అని కాక ఇంకేమడుగుతాడు? రీళ్ళ లారీ గేటు దగ్గర నిలబడితే దించుకునే మనిషి కావాలి. మూడు నెలలు రాలేనని మొదట్లోనే చెప్పి ఉంటే తాత్కాలికంగా ఒకణ్ణి పెట్టుకునేవాళ్ళు. నేను ఇంకో ఉద్యోగం చూసుకుంటూ సెలవులు లాగుతున్నానని అక్కడ అనుకున్నారట. అలా అనుకునే వీలు ఇచ్చింది నేనే.

రాజీనామా ఇచ్చిన రెండు నెలలకి, దవాఖానాలో మందుల వరసలో బాలానగర్ ఫౌండ్రీలో పనిచేసే ఒక పెద్దాయన కలిశాడు. ఆయనకీ టీబీనే. ఆయన సంచిలో ఈఎస్ఐ కాగితాలు వరసగా కుట్టి ఉన్నాయి. ఆయన చెప్తేనే తెలిసింది, ఈఎస్ఐ డాక్టరు సర్టిఫికెట్ ఉంటే ఏడాదిలో 91 రోజులదాకా సగటు కూలిలో 70 శాతం ఇస్తారు. అది దాటాక, రెండేళ్ళు ఉద్యోగంలో ఉండి అందులో కనీసం 156 రోజుల చందా పడినవాళ్ళకి, కొన్ని దీర్ఘకాలపు జబ్బులకి 80 శాతం ఇస్తారు, రెండేళ్ళదాకా పొడిగించే వీలుంది. ఆ జబ్బుల జాబితాలో టీబీ ఉంది. ఇంకొక మాట చెప్పాడు. ఆ డబ్బు, అంటే సిక్‌నెస్ బెనిఫిట్, తీసుకుంటున్న కాలంలో మనిషిని ఉద్యోగంలోంచి తీసెయ్యడానికి యజమానికి వీలుండేది కాదు. అప్పటి ఈఎస్ఐ చట్టంలో 73వ సెక్షన్ అదే. 'నిన్నెట్ల తీసిండ్రు మరి?' అని అడిగాడు. తియ్యలేదు పెద్దాయనా, నేనే రాసిచ్చాను అన్నాను. ఆయన ఇంకేమీ మాట్లాడలేదు.

సారు ఆప్యాయంగా పలకరించాలని నాలుగు నెలలు ఎదురుచూశాను. నెలనెలా 280 రూపాయలు కట్టి సంపాదించుకున్నదాన్ని ఒక్కసారీ అడగలేదు. ఆప్యాయత నడిచి గుమ్మంలోకి వస్తే దుప్పటి కప్పుకున్నాను.

మందులు 2019 ఏప్రిల్‌లో పూర్తయ్యాయి. వెన్ను నిలబడింది. ఇప్పుడు కుత్బుల్లాపూర్‌లో ఒక హోల్‌సేల్ దుకాణంలో లెక్కలు రాస్తున్నాను, జీతం పాతదానికంటే తక్కువతోనే మొదలైంది. మా ఇంట్లో ఎవరికీ జబ్బు అంటలేదు. నా పళ్ళెం, నా గ్లాసు అందరివాటితోనే కడుగుతారు.

మీ ఇంట్లోగాని పక్కింట్లోగాని ఈఎస్ఐ చందా పడే మనిషి మంచాన పడితే, ముందు డిస్పెన్సరీకి తీసుకెళ్ళి సర్టిఫికెట్ రాయించండి. దాని నకలు ఫ్యాక్టరీలో ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. ఎన్నాళ్ళు పడుతుందని డాక్టరు చెప్పాడో అన్నాళ్ళనీ మొదటి రోజే చెప్పండి. రాజీనామా కాగితం ముందు పెడితే, ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసులో అడిగి వచ్చేదాకా సంతకం పెట్టకండి.