లండన్‌లో పేదరాశి పెద్దమ్మ ఇల్లు

లండన్‌లోని కింగ్స్ క్రాస్ రైల్వేస్టేషన్‌కి వెళ్తే ఓచోట ఎప్పుడూ పెద్ద క్యూ కనిపిస్తుంది. గోడలోకి సగం దూసుకుపోయిన లగేజీ ట్రాలీ, పైన ‘తొమ్మిదీ ముప్పావు’ నంబరు ప్లాట్‌ఫాం బోర్డు. హ్యారీపోటర్ అభిమానులు మెడకు మఫ్లర్ చుట్టుకుని మరీ అక్కడ ఫొటోలు దిగుతారు. లేని ప్లాట్‌ఫాం కోసం అంత హడావుడి!

అక్కడికి ఇరవై నిమిషాల నడక దూరంలో లేని ఇల్లు కూడా ఒకటుంది. దానికి బోర్డూ లేదు, క్యూ లేదు. పాత సినిమాలంటే ప్రాణం పెట్టేవాళ్లు మాత్రం వెతుక్కుంటూ వెళ్తారు. 1955లో వచ్చిన ‘ది లేడీకిల్లర్స్’ సినిమాలో ముసలావిడ మిసెస్ విల్బర్‌ఫోర్స్ ఇల్లది. మన కథల్లో పేదరాశి పెద్దమ్మ ఉంటుందే... ఎవరొచ్చి తలుపు తట్టినా కాదనకుండా చోటిచ్చే అవ్వ... అచ్చం ఆమెకు లండన్ చెల్లెలన్నమాట!

అయిదుగురు దొంగలు, ఒక అవ్వ

కథ చిన్నది. ఈలింగ్ స్టూడియో తీసిన ఈ సినిమాలో విల్బర్‌ఫోర్స్ భర్తను పోగొట్టుకున్న అమాయకురాలు. తోడు చిలకలు. మేడ మీద గదులు అద్దెకిస్తానంటే ప్రొఫెసర్ మార్కస్ దిగుతాడు. స్నేహితులతో సంగీతం సాధన చేసుకుంటానంటాడు. వచ్చిన నలుగురూ వాయిద్యాల పెట్టెలు తెస్తారుగానీ ఒక్కరికీ వాయించడం రాదు. గదిలో గ్రామఫోన్ రికార్డు పెట్టి, దోపిడీకి పథకం వేస్తుంటారు. కొట్టేసిన సొమ్ము పెట్టెను స్టేషన్ నుంచి ఇంటికి చేర్చేది ఎవరనుకున్నారు? ఏమీ ఎరగని అవ్వే! సంగతి ఆమెకు తెలిసిపోయాక మొదలవుతుంది అసలు తమాషా. అయిదుగురు మగాళ్లు ఒక్క ముసలామెను ఏమీ చేయలేక తలలు పట్టుకుంటారు.

ప్రొఫెసర్‌గా అలెక్ గిన్నెస్, దొంగల్లో ఒకడిగా కుర్ర పీటర్ సెల్లర్స్ నవ్వులు పూయిస్తారు. అయినా అందరినీ పక్కకు నెట్టేసింది అవ్వ పాత్ర వేసిన కేటీ జాన్సన్. అప్పటికామె వయసు 76. ఆ పాత్రకు ఉత్తమ బ్రిటిష్ నటిగా బాఫ్టా అవార్డు అందుకుంది. దర్శకుడు అలెగ్జాండర్ మెకెండ్రిక్. కథ మొత్తం తనకు కలలో వచ్చిందని చెప్పేవాడు రచయిత విలియం రోజ్.

తలుపు ఇక్కడ, వీధి అక్కడ

ఇంతకీ ఆ ఇల్లెక్కడ? కాలిడోనియన్ రోడ్డు పక్కన ఫ్రెడెరికా స్ట్రీట్ చివర, సరిగ్గా కోపెన్‌హాగెన్ రైలు సొరంగం మీద. కింగ్స్ క్రాస్ నుంచి ఉత్తరానికి వెళ్లే రైళ్లన్నీ ఆ సొరంగంలోంచే పోవాలి. షూటింగ్ కోసం అక్కడ ఓ సెట్ వేశారు. యుద్ధంలో బాంబుల దెబ్బకి ఓ పక్కకి ఒరిగిపోయిన ఇల్లని కథ. లోపలి గదుల్ని ఈలింగ్ స్టూడియోలో కట్టారు. అవ్వ వాకిట్లో నిలబడి చూసినప్పుడు ఎదురుగా కనిపించే సెయింట్ పాంక్రాస్ స్టేషన్ శిఖరం మాత్రం ఆర్గైల్ స్ట్రీట్‌లో తీసిన దృశ్యం. అంటే, తలుపు ఒక వీధిలో, ఎదురుగా కనిపించేది ఇంకో వీధి! సినిమావాళ్ల మాయ అలాగే ఉంటుంది మరి.

షూటింగ్ అవగానే సెట్ తీసేశారు. ఆ వీధిలోని పాత ఇళ్లు కూడా పోయి కొత్తవి వెలిశాయి. దోపిడీ దృశ్యం తీసిన స్టేషన్ వెనకున్న చేనీ రోడ్డు ఆనవాలు కూడా లేకుండా పోయింది. సినిమా నిండా బుసబుసమంటూ తిరిగే ఆవిరి ఇంజన్లు 1960లలో కనుమరుగయ్యాయి. సెయింట్ పాంక్రాస్‌నీ కూలగొట్టాలనుకున్నారుగానీ జనం అడ్డుపడితే బతికింది. 2007 నుంచి పారిస్ రైళ్లు అక్కడి నుంచే బయల్దేరుతున్నాయి. స్టేషన్ల వెనక నిలబడిన భారీ ఇనప గ్యాస్ తొట్లదీ చిత్రమైన కథే. వాటి చట్రాల్ని 2001 నుంచి దశలవారీగా విప్పి, బాగుచేసి, రీజెంట్స్ కాలువ ఒడ్డున తిరిగి నిలబెట్టారు. ఒకదానిలో ఇప్పుడు పచ్చిక బయలుంది. మిగతా మూడింట్లో ఖరీదైన ఫ్లాట్లున్నాయి.

అన్నిటికంటే ముందు మాయమైంది మసి. 1952 డిసెంబరులో బొగ్గు పొగ, మంచు కలిసి లండన్‌ను ముంచెత్తి వేల ప్రాణాలు తీశాయి. తర్వాత 1956లో గాలిని శుభ్రం చేసే చట్టం వచ్చింది. ‘లేడీకిల్లర్స్’ తీసింది సరిగ్గా ఈ రెండిటి మధ్య. నల్లబడ్డ గోడలు, బూడిదరంగు ఆకాశం, తెల్లటి ఆవిరి... ఆ లండన్‌ను రంగుల్లో చూడాలంటే ఇలాంటి సినిమాలే దిక్కు. అందుకే ఆ సినిమా పాడైపోకుండా కాపాడటం, ఓ కామెడీని కాపాడటంతోనే ఆగిపోదు. ఓ పేటనే కాపాడినట్టు!

మూడు రీళ్లు, ఒక బొమ్మ

2020లో, సినిమాకి 65 ఏళ్లు నిండిన సందర్భంగా, హక్కులున్న స్టూడియోకెనాల్ సంస్థ ఆ పని చేసింది. ముందు థియేటర్లలో, తర్వాత ఇంట్లో చూసుకునేందుకు 4కె డిస్క్‌గా విడుదల చేసింది.

మన ‘మాయాబజార్’ని 2010లో రంగుల్లోకి మార్చారు. అక్కడ లేని రంగులు కొత్తగా అద్దారు. ఇక్కడ కథ వేరు. రంగులు మొదటి నుంచీ ఉన్నాయి, నలుపు తెలుపు ఫిల్ములో దాక్కుని! ‘లేడీకిల్లర్స్’ తీసిన టెక్నికలర్ కెమెరాలో ఒకేసారి మూడు ఫిల్ములు తిరిగేవి. లోపలి పట్టకం వెలుగును విడదీస్తే, ఎరుపు ఒకదానిపైన, ఆకుపచ్చ ఇంకోదానిపైన, నీలం మరోదానిపైన నమోదయ్యేవి. మూడూ నలుపు తెలుపు నెగెటివ్‌లే. ప్రింటు వేసేటప్పుడే రంగులు చేరేవి. బ్రిటన్‌లో ఈ పద్ధతిలో తీసిన చివరి సినిమాల్లో ఇదొకటి.

తర్వాత వచ్చిన రంగుల ఫిల్ములు కాలం గడిచేకొద్దీ వెలిసిపోయాయి. చాలా పాత ప్రింట్లు ఎర్రగా మారిపోవడం మన దగ్గరా చూశాం. ఈ మూడు నెగెటివ్‌లలో రంగే లేదు కాబట్టి వెలిసిపోయే బెడద లేదు. కానీ ఇంకో చిక్కుంది. ఇన్నేళ్లలో మూడు ఫిల్ములూ ఒకే తీరుగా కుంచించుకుపోవు. పత్రికలో రంగుల అచ్చు కాస్త పక్కకి జరిగితే ముఖం చుట్టూ ఎర్రగానో నీలంగానో అంచు కనిపిస్తుంది కదా... అలాగే అవుతుంది. అందుకే ప్రతి బొమ్మనూ మూడుసార్లు స్కాన్ చేసి, కంప్యూటర్‌లో ఒకదానిపై ఒకటి సరిగ్గా కూర్చోబెట్టాలి. గంటన్నర సినిమాకి సెకనుకు 24 చొప్పున దాదాపు లక్షా 30 వేల బొమ్మలు. మూడు ఫిల్ములకీ కలిపి 3 లక్షల 90 వేలు!

ఏది దుమ్ము, ఏది మసి?

కష్టమంతా అక్కడితో అయిపోదు. ఒక ఫిల్ము మీద దుమ్ము పడితే తెర మీద రంగు చుక్క తేలుతుంది. దాన్ని తుడిచేయాలి. గీతలు చెరిపేయాలి. మరి సినిమాలోనే ఉన్న మసి? మసకబారిన గోడ, పొగలో కరిగిపోయే రైలు? చేతిలో మీట ఉంది కదా అని వాటినీ మెరిపిస్తే బొమ్మ తళతళలాడుతుందిగానీ అది 1955 లండన్ కాదు. ఛాయాగ్రాహకుడు ఒట్టో హెల్లర్ కావాలనే వీధుల్ని దిగులుగా చూపించాడు. ఆ మసకలో అవ్వ లేత రంగుల దుస్తులు, పాతకాలపు గొడుగు అందుకే అంత ముద్దొస్తాయి. పాత బొమ్మను బాగుచేయడమంటే కాలం తెచ్చిపెట్టిన మురికిని తీసి, మనుషులు కావాలని ఉంచిన మురికిని ఉంచేయడమే.

కొత్త డిస్క్‌లో ఆ లెక్క కుదిరింది. గోడల మీది మసి పోలేదు. సొరంగంలోంచి లేచే ఆవిరి ఆవిరిలాగే ఉంది. ఒరిగిన ఇంటి ఇటుకలు లెక్కపెట్టుకోవచ్చు.

ఎప్పుడైనా లండన్ వెళ్తే, బయల్దేరే ముందు ఇంట్లో అందరూ కలిసి ఆ డిస్క్ చూడండి. సొమ్ము చివరికి ఎవరికి దక్కిందో అదే చెబుతుంది. తర్వాత కింగ్స్ క్రాస్‌లో దిగి, ట్రాలీ దగ్గర పిల్లలకి ఫొటో తీసి, రోడ్డు దాటి ఆర్గైల్ స్ట్రీట్‌లోకి నడవండి. అటూ ఇటూ చిన్న చిన్న హోటళ్లు. కాస్త లోపలికెళ్లి వెనక్కి తిరిగితే అవ్వ రోజూ చూసిన శిఖరం కనిపిస్తుంది. మసి వదిలి, ఎర్రటి ఇటుకతో మెరుస్తూ ఉంటుంది. ఆ ఒక్కటీ అక్కడే ఉంది. మిగతాదంతా డిస్క్‌లో భద్రంగా ఉంది.