బెళ్ళందూరు పులి

మా పిన్నివాళ్లు బెళ్ళందూరులో ఇల్లు కట్టుకున్నారు. బెంగళూరులో మేముండే మహదేవపుర నుంచి మారతహళ్ళి మీదుగా పోతే పది కిలోమీటర్లు ఉంటుందేమో. 1995లో గృహప్రవేశానికి ఇంటిల్లిపాదీ తయారై గుమ్మం దాటుతుంటే నేను మంచం కోడు పట్టుకుని రానంటే రానని కూర్చున్నాను. నాకప్పుడు పదకొండేళ్లు. కడుపునొప్పి అన్నాను. అమ్మ వాము నమిలించింది. తగ్గలేదన్నాను. నాన్న వీపు మీద ఒక్కటిచ్చాక నిజం బయటికొచ్చింది.

"బెళ్ళందూరులో పులి ఉంది. మనుషుల్ని తింటుంది. దాని మీద పుస్తకం కూడా వేశారు."

నాన్న నవ్వి రెండో దెబ్బ మానుకున్నాడు. పిన్ని ఇంట్లో ఆ రోజంతా నేను కిటికీ వదల్లేదు. పాలు పొంగినా, హోళిగెలు వడ్డించినా నా చూపు చెరువుగట్టు మీదే. గట్టు చూసొస్తామని వెళ్లిన చుట్టాలు ఎంతమంది, తిరిగొచ్చినవాళ్లు ఎంతమంది అని లెక్కపెట్టాను. ఒకరు తగ్గారు. బాబాయి తమ్ముడు బీడీ కోసం అటునుంచి అటే అంగడికి వెళ్లాడట. ఆయన తిరిగొచ్చేదాకా నాకు అన్నం దిగలేదు.

పుస్తకం సంగతి మాత్రం అబద్ధం కాదు. కెన్నెత్ ఆండర్సన్ ఇంగ్లీషులో రాసిన వేటకథల్ని పూర్ణచంద్ర తేజస్వి కన్నడంలోకి తెచ్చాడు. 'కాడిన కథెగళు' అని భాగాలు భాగాలుగా వచ్చాయి. మొదటి భాగం పేరే 'బెళ్ళందూరిన నరభక్షక'. మా క్లాసులో ఒకడు వాళ్లన్నది తెచ్చి, నాకు అట్ట మాత్రం చూపించి సంచీలో పెట్టేసుకున్నాడు. లోపల పేజీలు చూపించాలంటే నా జామెట్రీ బాక్సు ఇవ్వాలన్నాడు. నేనివ్వలేదు. ఆ పిసినారితనానికి నాలుగేళ్లు భయపడ్డాను. ఇంకో భాగం పేరు 'జాలహళ్ళియ కుర్క'. కుర్క అంటే చిరుత. జాలహళ్ళి, బెళ్ళందూరు రెండూ సిటీ బస్సు బోర్డుల మీద కనిపించే ఊళ్లు. పదకొండేళ్లవాడికి అంతకన్నా రుజువేం కావాలి?

పైగా ఆ భయానికి ముందే దుక్కి దున్ని పెట్టినాయన ఒకరున్నారు. మా వీధి చివర ఉండే హెచ్ఏఎల్ తాత. విమానాల ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేరి, ముప్పై అయిదేళ్లు పనిచేసి రిటైరయ్యాడు. ఊరు డెంకణికోట పక్కన పల్లె. హోసూరు దాటి జవళగిరి, అంచెట్టి వైపు పోతే ఇప్పటికీ తెలుగు వినపడే సీమ అది. ఆండర్సన్ కథలు చాలా ఆ అడవుల్లోనే నడుస్తాయి. అంతకన్నా విచిత్రం, ఆ ఆండర్సన్ ఉద్యోగం చేసింది కూడా ఇదే ఫ్యాక్టరీలో, ప్లానింగ్ విభాగంలో మేనేజరుగా. 1910లో పుట్టింది మన బొలారంలో. చదివింది, బతికింది, 1974లో పోయింది బెంగళూరులో. వారమంతా ఫ్యాక్టరీ కాగితాలు, సెలవొస్తే కారులో తుపాకీ.

"నువ్వు ఆయనతో మాట్లాడినావా తాతా?" అని అడిగితే తాత గొప్పలు పోయేవాడు కాదు.

"దొరతో నాకేం మాటలురా అబ్బోడా! ఆయన ఆఫీసులో, నేను షెడ్డులో. గేటు దగ్గర చూస్తా వుంటి, అంతే. అయితే మా ఊరిపక్క అడవి గురించి ఆయన రాసిందంతా మా సూపర్వైజరు చదివి చెప్తా వుండె. ఆయన తప్పు రాసింటే నేను దిద్ది చెప్తా వుంటి."

తొంభైల్లో మహదేవపురకు ఊరి లక్షణాలు ఇంకా పూర్తిగా పోలేదు. ఒకపక్క ఫ్యాక్టరీ షెడ్లు, ఇంకోపక్క రాగిచేలు, మధ్యలో గరుడాచార్‌పాళ్య వైపు నీలగిరి తోపులు. వైట్‌ఫీల్డు దారిలో ఐటీపీఎల్ గోడలు లేస్తున్నాయి. దాన్ని మేం పెద్ద ఆస్పత్రి అనుకున్నాం. వీధిలో రెడ్లు తరతరాలుగా ఇక్కడే ఉన్న తెలుగువాళ్లు. మాలాగ చిత్తూరు, అనంతపురం జిల్లాల నుంచి పనుల కోసం వచ్చినవాళ్లది ఇంకో తెలుగు. కరెంటు పోతే ఈ రెండు తెలుగుల పిల్లలూ, కన్నడం పిల్లలూ, ఇద్దరు తమిళం అక్కాచెల్లెళ్లూ తాత ఇంటి రాతిమెట్ల మీద చేరేవాళ్లం.

తాత కథ మొదలుపెట్టే ముందు లోపలినుంచి తన పాత టిఫిన్ క్యారియరు తెచ్చుకునేవాడు. ఇత్తడిది, గిన్నె అడుగున టోకెన్ నంబరు చెక్కి ఉంటుంది. పైమూత ఊడదీసి, దాని అంచును రాతిమెట్టు మీద పెట్టి మెల్లిగా ముందుకు తోసి, వెనక్కి లాగేవాడు. గర్ర్... గర్ర్... తోసినప్పుడు ఒక చప్పుడు, లాగినప్పుడు ఇంకొకటి. చిరుత గొంతు గర్జన కాదని, రంపంతో ఎవరో దూరంగా కట్టె కోస్తున్నట్టు ఉంటుందని నేను నేర్చుకున్నది ఆ మూత దగ్గరే. చప్పుడు ఆపి మా మొహాలు చూసేవాడు. చీకట్లో నిజంగా ఎవరైనా కట్టె కోస్తున్నారా అని చెవులు రిక్కించేవాళ్లం. కోత మిల్లు మా వీధికి రెండు వీధుల అవతల ఉండేది. అది మా ఖర్మ.

గుమ్మళాపురం చిరుత కథ ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. నలభై రెండు మందిని తిన్న చిరుత అది. పొద్దు వాలితే ఊళ్లో మనిషి కనపడడు. ఇంటి చుట్టూ ముళ్లకంప, తలుపు వెనక రోకలి అడ్డం. అయినా పైకప్పు బోద చీల్చుకుని లోపలికి దిగేదట. దాన్ని చంపిన రాత్రి దొర ప్రాణం కాపాడింది ఒక ఊరకుక్క అనీ, బిస్కట్లు వేసినందుకు వెంటపడి వచ్చి, చిరుత వస్తున్న సంగతి అదే ముందు పసిగట్టిందనీ తాత చెప్పేవాడు. మాకు అందరికన్నా నచ్చింది ఆ కుక్కే. జవళగిరి ఆడపులి కథలో దొర మగపులిలా అరిచి దాన్ని దగ్గరికి రప్పిస్తాడు. ఆ అరుపు తాత అరిస్తే పక్కింటి ఆవు తాడు తెంపుకునేది. తాత భార్య లోపల్నుంచి "ముసలోనికి బుద్ధి లేదు" అనేది.

పులి మనిషిని ఎందుకు తింటుందో ఆయన ఫిట్టరు భాషలో చెప్పేవాడు. "మిషన్లో ఒక పార్టు పోతే పని ఆగదు, తప్పు పని మొదలవుతాది. కాల్లో ముళ్లపంది ముల్లు దిగిందనుకో, ఎవడో సరిగ్గా గురిపెట్టక దవడ పగలగొట్టినాడనుకో, జింక వెంట యాడ పరిగెత్తేది? మనిషయితే పరిగెత్తే పని లేదు." తర్వాత ఎన్ని పుస్తకాలు చదివినా ఇంతకన్నా సూటిగా చెప్పినవాళ్లు నాకు తగల్లేదు.

మరునాడు పొద్దున నీలగిరి తోపులో ఆట. ఒకడు పులి, మిగతావాళ్లం కట్టెలకు పోయేవాళ్లం. వరసలో నడవాలి, వెనక్కి తిరిగి చూడకూడదు, పులి ఎప్పుడూ చివరివాణ్నే పట్టాలి. అందరికన్నా చిన్నవాణ్ని కనక చివర నేనే. ఆ వేసవిలో నన్ను రోజూ తిన్నారు. నీలగిరి ఆకు ఎండితే అడుగు వేయగానే కరకర మంటుంది, ఆ చప్పుడు నాదో పులిదో తెలియక గొంతెండిపోయేది. ఆటే అని తెలుసు. అయినా మెడ వెనక వెంట్రుకలకు ఆ సంగతి తెలియదు.

వేసవిలోనే మా అవ్వ ఊరు పీలేరు వెళ్లేవాళ్లం. అక్కణ్నుంచి తిరుపతి పోయే బస్సు భాకరాపేట కనుమ దిగుతుంది. ఆండర్సన్ చామల లోయ పులి కథ ఆ చుట్టుపక్కలదే. మామండూరు మనిషిమేపరి కథ తిరుపతి నుంచి కోడూరు పోయే దారిలోది. బస్సు మలుపు తిరిగినప్పుడల్లా లైటు కొండ మీద పడి జారిపోయేది, ఆ వెలుగులో రెండు కళ్లు కనపడతాయని అద్దానికి ముక్కు ఆనించి చూసేవాణ్ని. ఒక రాత్రి అవ్వకు కథలన్నీ చెప్పాను, మూత బదులు చెంబుతో రంపం చప్పుడు కూడా వినిపించాను. ఆమె చింతకాయ కొడుతూ అంతా విని ఒకటే అడిగింది.

"తిన్నోళ్ల పేర్లు చెప్తివి, తుపాకీవాని పేరు చెప్తివి. పోయినోళ్ల పేర్లేమి నాయనా?"

తిన్నోళ్లంటే ఆమె ఉద్దేశం పులులు. జవళగిరి పులి, చామల పులి, గుమ్మళాపురం చిరుత, నిజమే, మనిషికి ఇంటిపేరు ఉన్నట్టు వాటికి ఊరిపేర్లున్నాయి. పోయినవాళ్లు మాత్రం మేకలు కాసే పిల్లవాడు, నీళ్లకు పోయిన ఆడమనిషి, ఎద్దులబండివాడు. కొన్ని కథల్లో ఒకరిద్దరికి పేర్లున్నాయని పెద్దయ్యాక చదివి తెలుసుకున్నాను. ఎక్కువమందికి లేవు.

సెలవులయ్యాక తాతను అడిగాను. చాలాసేపు మూత తిప్పుతూ కూర్చున్నాడు. తర్వాత పులి ఊసే లేని కథ ఒకటి చెప్పాడు. ఆయన చిన్నప్పుడు పొద్దుగూకక ముందే వాళ్లమ్మ కుండలన్నీ నింపేసేది. రాత్రి అవసరానికి ఇంట్లోనే ఒక మూల పాతకుండ పెట్టేది. తండ్రి తలుపు గడియ వేసి, రోకలి అడ్డం పెట్టి, మళ్లీ లేచి గడియ తడిమి చూసేవాడు. ఒకసారి కాదు, నాలుగుసార్లు. ఎవరైనా తలుపు తడితే పేరు చెప్పించుకుని, పేరు చాలక తండ్రిపేరు కూడా చెప్పించుకుని తీసేవాళ్లు. ఒక మాపటేళ వాళ్ల చిన్నమ్మ కోడలు మరిచిపోయిన కొడవలి కోసం చేనుకు పోయింది. కొడవలి దొరికింది.

"ఆయమ్మ పేరు?" అన్నాను.

"మునెమ్మ" అన్నాడు తాత. ఆ రాత్రి కరెంటు వచ్చినా ఎవరూ లేవలేదు. ఆ తర్వాత కూడా ఆయన కథలు చెప్పాడు, కానీ నా చెవికి ఆ మూత చప్పుడు ముందులా వినపడలేదు.

2010లో 'ప్రిడేటర్స్' అని ఒక ఇంగ్లీషు సినిమా వచ్చింది. ఒకరికొకరు ముక్కూమొహం తెలియని మనుషుల్ని ఎక్కడో వేరే గ్రహం మీది అడవిలో పడేసి, వింతజీవులు సరదాకు వేటాడతాయి. స్నేహితులు ఊపిరి బిగబట్టి చూశారు. నాకు అంత పట్టలేదు. వేటకు గురయ్యేవాళ్లలో దాదాపు అందరూ సైనికులూ హంతకులూ, చేతినిండా తుపాకులు. రాత్రి మూత్రానికి లేవాలంటే భయపడేవాడు ఒక్కడూ లేడు. అడవిలో వేటాడబడటం అంటే పరిగెత్తడం అనుకుంటుంది సినిమా. తాత చెప్పింది దానికి రివర్సు: కదలకుండా, గడియ వైపు చూస్తూ, తెల్లారేదాకా కూర్చోవడం.

బెళ్ళందూరు సంగతి ఇంటర్లో తేలింది. పుస్తకం దొరికితే ఒక్క బిగిన చదివేశాను. ఆ బెళ్ళందూరు మన బెళ్ళందూరు కాదు, శివమొగ్గ జిల్లా మలెనాడు అడవుల్లో ఉండే పల్లె. జాలహళ్ళి మాత్రం మన జాలహళ్ళే. భయం తీరినందుకు సంతోషించాల్సింది పోయి, మోసపోయినట్టు అనిపించింది. నాలుగేళ్లు భయపడిన పులి మనదే కాకపోతే ఎట్లా? మన బెళ్ళందూరు చెరువు తర్వాత్తర్వాత నురగ కక్కింది, 2017లో మంటలంటుకుంది. నీళ్లు తగలబడే కథ చెప్తే తాత కూడా నమ్మేవాడు కాదు. ఆయన అప్పటికే లేడు.

నీలగిరి తోపు కొట్టేసి అపార్టుమెంట్లు కట్టారు. అందులో ఒకదాంట్లో మూడో అంతస్తు మాది. 2016 ఫిబ్రవరి 7, ఆదివారం. మాకు నాలుగైదు కిలోమీటర్ల దూరంలో, కుందలహళ్ళిలోని ఒక స్కూల్లోకి చిరుత దూరింది. తెల్లవారుజామున కెమెరాలో కనపడిందట. రోజంతా టీవీలో అదే. ఎనిమిదేళ్ల వయసున్న మగ చిరుత, ఈతకొలను పక్కన వన్యప్రాణి శాస్త్రవేత్త సంజయ్ గుబ్బి మీద పడి చేయి కొరికింది. ఆయన ఎక్కి తప్పించుకోబోతూ జారడం, అది వెనకనుంచి పట్టుకోవడం ఎన్నిసార్లు చూపించారో. రాత్రి ఎనిమిది దాటాక గానీ మత్తు సూదికి లొంగలేదు.

మా అపార్టుమెంటులో అయిదున్నరకే పిల్లల్ని పైకి పిలిచేశారు. లిఫ్టు దగ్గర వాచ్‌మన్ ఎవరొచ్చినా పేరు, ఫ్లాట్ నంబరు రెండూ అడిగాడు. ఇంట్లో అమ్మ సోఫాలో కూర్చుని మాటిమాటికీ బాల్కనీ తలుపు వైపు చూసింది. మూడో అంతస్తు అని చెప్పాను. "చిరుతకు చెట్టెక్కడం రాదా ఏమి?" అంది. మంచినీళ్ల బిందెలు ఎందుకు నింపిందో అడిగితే ఆమెకే తెలియలేదు. ఆ వారమే ఇంకో చిరుత కనపడిందని ఎవరో పుకారు లేపితే ఈ చుట్టుపక్కల స్కూళ్లకు సెలవు ఇచ్చేశారు.

నేను టీవీలో ఆ చిరుతనే చూస్తూ ఉండిపోయాను. పగలంతా గదులూ, గోడలూ, జనం, కెమెరాలు. బయటికి దారేదో దానికి తెలియదు. తాత ఉంటే ముందు దాని కాళ్లలో ముల్లుందా అని అడిగేవాడు. అవ్వ ఉంటే దానికీ ఒక పేరు పెట్టేదేమో.

పట్టిన చిరుతను బన్నేరుఘట్ట తీసుకెళ్లి బోనులో ఉంచారు. వారం రోజులకు అది బోనులోంచి తప్పించుకుపోయిందని పేపర్లో వచ్చింది. బన్నేరుఘట్ట మాకు ఇరవై కిలోమీటర్ల పైమాటే. అయినా అమ్మ ఆ రోజు నుంచి నెల్లాళ్లు సాయంత్రం ఆరింటికల్లా బాల్కనీ తలుపు గడియ పెట్టింది. పెట్టి, మళ్లీ లేచి తడిమి చూసేది.