జోస్యపు ముక్కలు

మా కడప యింట జోస్యపు ముక్కలు పెట్టెనిండ పోగైనవి: టపాలో తెప్పించిన టారో కట్టలు అయిదు, చిలుకజోస్యుని పటముల కట్ట యొకటి. వానితోడ తాతల నాటి గంజీఫా కట్టయు నుండెను. వీనిలో నేవి యుంచవలెనో మొన్న విచారించితిమి.

టారో జోస్యమునకై పుట్టినది కాదు. 15వ శతాబ్దమున ఇటలీలో నది యాట. కట్టకు 78 ముక్కలు. 18వ శతాబ్దము చివర ఫ్రాన్సులో కొందఱు దానికి భవిష్యత్తు నంటగట్టిరి. మన దశావతార గంజీఫా, అవతారమునకు 12 చొప్పున 120 గుండ్రని ముక్కలు, ఆటగనే నిలిచినది. కర్నూలు జిల్లా నుండి 2022లో నంద్యాల జిల్లాకు చేరిన నొస్సము గ్రామమున చిత్రకారులు వీనిని చేతితో వ్రాసెడివారు.

మాయింటి పెద్దలు అన్నిటిని తీయనిచ్చిరి గాని యొక్క టారో కట్టను మాత్రము ముట్టనీయరైరి, పారవైచిన కీడట! వేరుసెనగ విత్తుటకును దానినే యడిగెడివారు. విత్తువాడు నేల పదును చూడవలెగాని ముక్క చూడనేల? అందలి 13వ ముక్క, అస్థిపంజరపు బొమ్మ, వచ్చినదనియే మాయింటి పిల్లకు కుదిరిన సంబంధమును వదలుకొనిరి.

ఆ కట్టనే ముందు తీసితిమి. పొయ్యిలో వేసినది ఆ పిల్లయే. తక్కినవానిని చిత్రలేఖనము నేర్చు బాలురకిచ్చి, గంజీఫాను ఆటకై యుంచితిమి. చదువరులును తమ పెట్టెలు తెఱచినపుడు, దేనిని తీయుటకు చేయి వెనుదీయునో దానినే మొదట విచారింతురుగాక.